రొయ్యల సొమ్ము జమ చేస్తే బ్యాంకు ఎందుకు ప్రశ్నించింది? ఈ నిబంధనల వెనుక ఉన్నదేమిటో తెలిసినవారు చెప్పండి

చెరువుగట్టు (ఇందుకూరుపేట), 2025 జూన్ 9

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇందుకూరుపేట మండలంలో నాలుగెకరాల చెరువు కౌలుకు తీసుకుని వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. ఏప్రిల్‌లో అమెరికా సుంకాల వార్త రాగానే ధర పడిపోయింది కాబట్టి చెరువంతా ఒకేసారి ఖాళీ చేయకుండా, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) చూసుకుంటూ నాలుగు విడతలుగా పట్టుబడి చేశాను. వ్యాపారి నాలుగుసార్లూ నగదే ఇచ్చాడు. మొదట 1,90,000, తరువాత 1,85,000, ఆ తరువాత 1,76,000, చివరికి 1,35,000, వెరసి 6,86,000 రూపాయలు. ఒక్కరోజులో 50,000 దాటి జమ చేస్తే పాన్ అడుగుతారనీ, ఆ వెనుకే పన్నులవాళ్లు ఇంటికి వస్తారనీ పక్క చెరువు వాళ్లు చెప్పారు. నాకు పాన్ కార్డు ఉంది. అయినా ఎందుకొచ్చిన గొడవ అనుకుని రోజుకు 49,000 చొప్పున 14 రోజులు జమ చేశాను.

పోయిన వారం బ్యాంకుకు రమ్మన్నారు. వెళితే కౌంటరు దగ్గర ఇరవై మంది వింటుండగా "ఈ డబ్బు ఎక్కడిది?" అని అడిగారు. పదిహేనేళ్లుగా అదే శాఖలో నా ఖాతా ఉంది. రాత్రిళ్లు చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల దగ్గర పడుకుని సంపాదించిన డబ్బును దొంగ సొమ్ములా అనుమానిస్తే మనసుకు ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను. అసలు ఈ కేవైసీ, మనీ లాండరింగ్ అనేవి ఏమిటి, నావంటి రైతుకు వాటితో ఏమి పని?

విశ్రాంత మేనేజరు (ఒంగోలు), 2025 జూన్ 9

చెరువుగట్టు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో ఆరేళ్లు తీర ప్రాంతపు శాఖల్లో. అక్కడ క్యాషియరుగా ఉన్నప్పుడు చెరువుల మీద నుంచి నేరుగా వచ్చిన నోట్లను చూడకుండానే గుర్తుపట్టేవాడిని. అవి కాస్త చెమ్మగా, ఉప్పు వాసనతో, లెక్కించే యంత్రంలో ఒకదానికొకటి అతుక్కుని ఆగిపోతూ ఉండేవి. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నోట్లే చెప్పేవి. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తోంది, దానికి ఉప్పు వాసన తెలియదు, అంకెలు మాత్రమే తెలుసు. మీ ఖాతాలో దానికి కనిపించింది రొయ్యలు కాదు, వరుసగా 14 సార్లు పడిన 49,000.

ముందుగా మూలం చెబుతాను. లంచం, మాదకద్రవ్యాలు, మోసం వంటి నేరాల ద్వారా వచ్చిన సొమ్మును న్యాయమైన సంపాదనలా కనిపించేట్టు మసిపూసి మారేడుకాయ చేయడమే మనీ లాండరింగ్. ఇది సాధారణంగా మూడు అడుగుల్లో జరుగుతుందని చెబుతారు. మొదట నగదును ఏదో ఒక దారిలో బ్యాంకులోకి చేర్చుతారు. తరువాత ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు, ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి తిప్పి తిప్పి జాడ చెరిపేస్తారు. చివరికి అది భూమిగానో, భవనంగానో, వ్యాపారంలో లాభంగానో బయటకు వస్తుంది. ఈ మూడింటిలో దొంగకు అన్నిటికంటే కష్టమైనది మొదటి అడుగే, ఎందుకంటే మూటల కొద్దీ నగదు తెచ్చినవాణ్ణి ఎవరైనా గమనిస్తారు. అందుకే వాళ్లు పెద్ద మొత్తాన్ని, నిబంధన ఏ అంకె దగ్గర మొదలవుతుందో దానికి కొంచెం దిగువన ఉండే చిన్న ముక్కలుగా చేసి జమ చేస్తారు. మీరు తెలియక సరిగ్గా అదే పద్ధతిని అనుసరించారు.

ఇందులో బాధ కలిగించే విషయం ఒకటుంది. కాటా చీటీలు, పాన్ కార్డు తీసుకుని వెళ్లి ఆ 6,86,000 ఒకేసారి కట్టి ఉంటే, మహా అయితే ఒక ప్రశ్న అడిగి ఓచరు మీద సంతకం తీసుకునేవారు. ఒక నెలలో 10 లక్షలు దాటిన నగదు లావాదేవీల వివరాలను బ్యాంకు మరుసటి నెల 15వ తేదీలోగా ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు పంపాలి. చిన్న చిన్న జమలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండి నెల మొత్తం 10 లక్షలు దాటినా అదే నియమం వర్తిస్తుంది. మీ మొత్తం ఆ హద్దుకు దిగువనే ఉంది. అయితే అనుమానాస్పద లావాదేవీ నివేదికకు మాత్రం ఏ మొత్తమూ హద్దు కాదు. 20,000 రూపాయలైనా తీరు అనుమానాస్పదంగా ఉంటే నివేదించవలసిందే.

కౌంటరు దగ్గర నలుగురిలో అడగడం తప్పు. ఆ ప్రశ్నను మేనేజరు గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి అడగాలి. నేను మా సిబ్బందికి ఎప్పుడూ అదే చెప్పేవాణ్ణి.

కావలి విద్యార్థిని, 2025 జూన్ 10

నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. పుస్తకాల్లో కేవైసీ, ఏఎంఎల్, సీఎఫ్‌టీ అని పక్కపక్కనే రాస్తారు కానీ ఏది దేనిలో భాగమో అర్థం కావడం లేదు. పదేళ్ల క్రితం కాగితాలన్నీ ఇచ్చిన మా నాన్నగారిని మళ్లీ ఇవ్వమని ఎందుకు అడుగుతున్నారో కూడా తెలియజేయగలరు.

బుచ్చి అబ్బాయి (ఉద్యోగం చెన్నైలో), 2025 జూన్ 10

మాది బుచ్చిరెడ్డిపాళెం. చెన్నైలో ఒక సంస్థలో బ్యాంకు లావాదేవీల అలర్టులు పరిశీలించే పని చేస్తున్నాను. విద్యార్థిని గారు అడిగినదానికి నా రోజువారీ పని నుంచే జవాబు చెబుతాను.

ఊళ్లో కొత్తవాళ్లకు ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మనం ఏమి చేస్తామో చూడండి. ఎవరి తాలూకు, ఏమి పని చేస్తారు, ఇంట్లో ఎంతమంది ఉంటారు అని కనుక్కుంటాం. అది కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో తెలుసుకోవడం. ఆ తరువాత వేళగాని వేళ లారీలు వచ్చి మూటలు దింపుతుంటే ఒక కన్ను వేసి ఉంచుతాం. అది లావాదేవీల పర్యవేక్షణ. ఈ రెండూ కలిసి, రికార్డులు భద్రపరచడం, నివేదికలు పంపడం కూడా చేరితే ఏఎంఎల్ అవుతుంది, అంటే మనీ లాండరింగ్ నిరోధం. సీఎఫ్‌టీ ఉగ్రవాదానికి నిధులు అందకుండా చూసేది. ఇక్కడ తేడా ముఖ్యం. లాండరింగ్‌లో డబ్బు పుట్టుక చెడ్డది, ఉగ్రవాద నిధుల్లో డబ్బు చేరే చోటు చెడ్డది. కష్టపడి సంపాదించిన జీతం కూడా అక్కడికి చేరితే నేరమే అవుతుంది.

మన దేశంలో ఇదంతా 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం మీద నడుస్తుంది. ఆ చట్టం 2005 జులై 1న అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయంగా చూస్తే, జీ-7 దేశాలు 1989లో పారిస్‌లో ఏర్పాటు చేసిన ఎఫ్ఏటీఎఫ్ అనే సంస్థ ప్రమాణాలను నిర్ణయిస్తుంది. భారత్ 2010లో అందులో సభ్యురాలైంది.

మీ నాన్నగారి విషయానికొస్తే, బ్యాంకు ప్రతి ఖాతాదారుణ్ణీ మూడు తరగతుల్లో ఒకదానిలో ఉంచుతుంది. రిస్కు ఎక్కువగా ఉన్నవారి వివరాలను కనీసం 2 ఏళ్లకు, మధ్యస్థంగా ఉన్నవారివి 8 ఏళ్లకు, తక్కువగా ఉన్నవారివి 10 ఏళ్లకు ఒకసారి తాజాపరచాలని రిజర్వు బ్యాంకు నియమం. పదేళ్లకు అడిగారంటే ఆయన్ను తక్కువ రిస్కు తరగతిలోనే ఉంచారని అర్థం. వివరాల్లో మార్పేమీ లేకపోతే కాగితాలు మళ్లీ ఇవ్వనవసరం లేదు, మార్పు లేదని స్వీయ ధ్రువీకరణ ఇస్తే సరిపోతుంది. ఈ ఒక్క ముక్క కౌంటరులో చెబితే ఎంతమంది వృద్ధులకు తిరుగుళ్లు తప్పుతాయో!

నాకు ఎక్కువ సమయం పట్టేది పేర్ల సరిపోలిక. ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాలో ఉన్న పేర్లతో ఖాతాదారుల పేర్లను యంత్రం పోల్చి చూస్తుంది. మన జిల్లాల్లో ఇంటి పేరు ఒక కార్డులో పొట్టి అక్షరంగా, మరొక దానిలో పూర్తిగా, ఇంకొక దానిలో పేరుకు వెనుక ఉంటుంది. అక్షరాలు కూడా ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా ఉంటాయి. కాబట్టి పాపం ఏ సంబంధమూ లేని మనిషి పేరు నా తెర మీదకు వస్తుంది. నేను పుట్టిన తేదీ, చిరునామా, తండ్రి పేరు చూసి, ఈయన ఆయన కాదు అని కారణాలు రాసి మూసివేస్తాను. అలర్టుల్లో అధికభాగం ఇలా ముగిసేవే. అలర్టు వస్తే దోషి అని కాదు, ఒక మనిషి కూర్చుని చూడాలి అని మాత్రమే.

చెరువుగట్టు గారి విషయంలో ఇంకొక మాట. బ్యాంకు నిజంగా అనుమానాస్పద నివేదిక పంపితే ఆ సంగతి ఖాతాదారునికి చెప్పకూడదు, అది చట్టం. ఒక్కోసారి సిబ్బంది ముక్తసరిగా మాట్లాడటానికి అదీ ఒక కారణం. అడిగితే మనిషి జాగ్రత్తపడతాడని బ్యాంకు గట్టిగా భావించిన చోట అడగకుండానే నివేదిక పంపేయవచ్చు. మిమ్మల్ని పిలిచి అడిగారంటే మీ వివరణకు ఇంకా చోటుంది. వెంటనే కాగితాలు ఇవ్వండి.

విశ్రాంత మేనేజరు (ఒంగోలు), 2025 జూన్ 10

అబ్బాయి బాగా చెప్పాడు. ఏయే కాగితాలంటే: కౌలు పత్రం, ఆక్వాకల్చర్ అథారిటీ లైసెన్సు, సీడ్, మేత బిల్లులు, నాలుగు పట్టుబడుల కాటా చీటీలు. చీటీల మీద తేదీలు, కిలోలు, కౌంటు, ధర ఉంటాయి కనుక గుణిస్తే మీ 6,86,000 వచ్చి తీరాలి.

మరొక హెచ్చరిక. ఒక వ్యక్తి నుంచి ఒకే రోజున గానీ, ఒకే లావాదేవీకి గానీ 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2017 నుంచి ఉంది. జరిమానా పుచ్చుకున్న మొత్తమంత ఉంటుంది, అది ఇచ్చినవారికి కాదు, పుచ్చుకున్నవారికి పడుతుంది. మీరు విడివిడిగా పట్టారు, ఒక్కో విడతా 2 లక్షల లోపే ఉంది, కాబట్టి ఒక్కో పట్టుబడికి ఒక్కో చీటీ విడిగా ఉండటం చాలా అవసరం. మన టంగుటూరు, కొండపి పొగాకు రైతులకు ఈ ఇబ్బంది లేదు. వేలం కేంద్రంలో బేలు అమ్ముడైతే సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది, పుట్టుక దానితోనే వస్తుంది. రొయ్యల వ్యాపారి చేత కూడా బ్యాంకు ద్వారానే ఇప్పించుకోండి. అతను ససేమిరా అంటే, ఎందుకు అంటున్నాడో ఆలోచించండి.

ఒంగోలు ఆడిటరు, 2025 జూన్ 11

క్లుప్తంగా రెండు విషయాలు చెప్పాలి. రొయ్యల సాగు ఆదాయం వ్యవసాయ ఆదాయంగా లెక్కకు రాదు, వ్యాపార ఆదాయమే అవుతుంది. వరి రైతుకున్న మినహాయింపు తమకూ ఉందని చాలామంది భావించి రిటర్ను వేయడం లేదు. పోతే, పన్ను ఎగవేత వేరు, మనీ లాండరింగ్ వేరు. మనీ లాండరింగ్ కేసు నిలవాలంటే ముందుగా ఆ చట్టపు షెడ్యూలులో ఉన్న ఒక నేరం జరిగి, దాని ద్వారా సొమ్ము పుట్టి ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం ఆ షెడ్యూలులో లేదు. రిటర్ను వేయనందుకు పన్ను, వడ్డీ, జరిమానా ఉంటాయి గానీ ఈడీ (మనీ లాండరింగ్ కేసులు చూసే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) వస్తుందని భయపడి నిద్ర మానుకోనక్కరలేదు.

చీమకుర్తి తల్లి, 2025 జూన్ 12

మీ అందరి మాటలూ రెండు రోజులుగా చదువుతున్నాను. మా అబ్బాయి ఒంగోలులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. హాస్టల్లో పరిచయమైన ఒకతను, తన ఖాతా పనిచేయడం లేదనీ, పది రోజులు నీ ఖాతా వాడుకోనిస్తే 5,000 ఇస్తాననీ అన్నాడట. వీడు ఏటీఎం కార్డు, ఆ ఖాతాకు జతచేసిన సిమ్ము కూడా ఇచ్చేశాడు. ఇప్పుడు ఖాతా స్తంభింపజేశారు. ఇంకొక రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. ఆ ఖాతాలోనే వాడి స్కాలర్‌షిప్ కూడా పడుతుంది. వాళ్ల నాన్న క్వారీలో పనిచేస్తారు, ఆయనకు ఇంకా చెప్పలేదు. నా బిడ్డ ఎవరినీ మోసం చేయలేదు. దయచేసి ఏమి చేయాలో చెప్పండి.

నెల్లూరు న్యాయవాది, 2025 జూన్ 12

అమ్మా, ముందుగా అబ్బాయి నాన్నగారికి ఈరోజే చెప్పండి. ఇది దాచవలసిన విషయం కాదు, పైగా మీకు ఆయన తోడు కావాలి.

ఇలాంటి ఖాతాను మ్యూల్ ఖాతా అంటారు. ఎక్కడో ఒక పెద్దాయనను పోలీసులమంటూ ఫోన్లో బెదిరించే డిజిటల్ అరెస్టు పేరుతో భయపెట్టి దోచిన డబ్బు నిమిషాల్లో ఇలాంటి ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి మరో నాలుగైదు ఖాతాలకు పోతుంది లేదా ఏటీఎంలో నగదుగా బయటకు వస్తుంది. మోసపోయిన మనిషి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయగానే డబ్బు పోయిన దారి వెంట ఒక్కొక్క ఖాతానూ ఆపుకుంటూ వస్తారు. మీ అబ్బాయి ఖాతా ఆ దారిలో ఉంది. పేరు అతనిది, పని ఇంకొకడిది.

చేయవలసినవి చెబుతాను, ఆలస్యం చేయకండి. బ్యాంకుకు వెళ్లి ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషను, దర్యాప్తు అధికారి ఎవరు, పూర్తిగా ఆపారా లేక కొంత మొత్తం మీదనే ఆంక్ష ఉందా అనేవి రాతపూర్వకంగా అడగండి. ఖాతా వివరాల నివేదిక తీసుకోండి. ఆ సిమ్మును వెంటనే నిలుపుదల చేయించండి. అబ్బాయి ఫోనులో ఆ స్నేహితునితో జరిగిన సంభాషణలు ఒక్కటి కూడా తుడిచివేయకూడదు, భయంతో చాలామంది పిల్లలు చేసే పొరపాటు అదే. మాటతీరు, 5,000 బేరం, ఎప్పుడు కార్డు ఇచ్చాడు అనేవన్నీ అందులోనే ఉంటాయి. అవే అతనికి రక్ష. నోటీసుకు గడువులోగా న్యాయవాది ద్వారా నిజం నిజంగా జవాబివ్వాలి. ఆ 5,000 అందుకుని ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అందినట్టు చెప్పాలి.

చట్టం సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. పోలీసులు ఖాతాను ఆపే అధికారం పాత నేర విచారణ స్మృతిలో 102వ సెక్షనుగా ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షనుగా ఉంది. మనీ లాండరింగ్ నిర్వచనంలో "తెలిసి సహకరించడం" అనేది ఉంది, శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. మీ వాడికి ఏమి తెలుసు, ఎంత తెలుసు అన్నదే ప్రశ్న అవుతుంది. పరీక్షల ముందున్న పిల్లవాడికి ఊరికే 5,000 ఎవరు ఇస్తారని అధికారి తప్పక అడుగుతారు, దానికి నిజమైన జవాబు సిద్ధంగా ఉండాలి. స్కాలర్‌షిప్ సొమ్ము వేరు అని పత్రాలతో చూపిస్తే, వివాదంలో ఉన్న మొత్తానికే ఆంక్షను పరిమితం చేయమని దర్యాప్తు అధికారినీ, అవసరమైతే కోర్టునూ కోరవచ్చు.

బుచ్చి అబ్బాయి (ఉద్యోగం చెన్నైలో), 2025 జూన్ 12

అమ్మా, ఇటువంటి ఖాతాలను నేను రోజూ చూస్తాను. గుర్తుపట్టలేని విధంగా వివరాలు మార్చి ఒకటి చెబుతాను. ఏడాదిగా నెలకు రెండు మూడు చిన్న చెల్లింపులు తప్ప ఏమీ లేని ఒక విద్యార్థి ఖాతాలో, ఒక సాయంత్రం ఎవరో 1 రూపాయి పంపారు. ఖాతా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి అది. తెల్లవారేలోగా ఆరు రాష్ట్రాల నుంచి 38 జమలు వచ్చాయి, చివరి జమ పడిన 4 నిమిషాలకు నిల్వ 112 రూపాయలు. ఆ 112 మాత్రమే ఆ పిల్లవాడిది. ఇలాంటి ఖాతాలను ముందే పట్టుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ మ్యూల్‌హంటర్ అనే సాంకేతిక వ్యవస్థను తయారుచేసిందని 2024 డిసెంబరులో ప్రకటించారు. కానీ హాస్టల్ గదిలో కార్డు చేతులు మారే క్షణాన్ని ఏ యంత్రమూ చూడలేదు.

పాత డిపాజిటరు (సింగరాయకొండ), 2025 జూన్ 13

నేను అగ్రిగోల్డ్‌లో డిపాజిట్ కట్టి నష్టపోయినవాణ్ణి. ఒక సందేహం. అక్కడ జరిగింది మోసం కదా, మధ్యలో ఈ మనీ లాండరింగ్ చట్టం ఎందుకు వచ్చింది?

నెల్లూరు న్యాయవాది, 2025 జూన్ 13

మోసం డబ్బు పుట్టించింది, లాండరింగ్ దాన్ని దాచింది. డిపాజిటర్ల నుంచి తీసుకున్న సొమ్మును అనుబంధ కంపెనీల పేర ఆస్తులుగా మార్చారన్నది అభియోగం. అలా మారిన ఆస్తిని పట్టుకోవడానికే ఈ చట్టం. 2020 డిసెంబరులో ఈడీ దాదాపు 4,109 కోట్ల ఆస్తులను ఈ కేసులో జప్తు చేసింది. తాత్కాలిక జప్తు 180 రోజులు మాత్రమే నిలుస్తుంది, ఆలోగా న్యాయనిర్ణయ ప్రాధికార సంస్థ ధ్రువీకరించాలి. జప్తు చేసిన ఆస్తిని బాధితులకు తిరిగి అప్పగించే వీలు కూడా చట్టంలోనే ఉంది. అందువల్ల రసీదులు, బాండ్లు ఎంత పాతవైనా పారవేయకండి.

చెరువుగట్టు (ఇందుకూరుపేట), 2025 జూన్ 16

ఈరోజు బ్యాంకుకు వెళ్లి వచ్చాను. ఈసారి మేనేజరు గారు గదిలోకి పిలిచారు. నాలుగు కాటా చీటీలలో ఒకటి మేత గోదాములో తడిసి అంకెలు చెరిగిపోయాయి, వ్యాపారి పుస్తకంలో ఉన్న నకలు ఫోటో తీసుకుని ఇచ్చాను. ఆయన కాగితం మీద నాలుగు మొత్తాలూ వేసి కూడి, 6,86,000 దగ్గర గీత గీసి, నా చేత ఒక వివరణ రాయించుకున్నారు. అరగంటలో అయిపోయింది. రోజుకు 49,000 ఎందుకు కట్టావని అడిగితే పక్క చెరువు వాళ్ల మాట చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, ఈ సంగతి తెలుగులో ఒక పేజీ రాసి శాఖలో గోడకు అంటిస్తానన్నారు. ఆడిటరు గారూ, రిటర్ను గురించి మిమ్మల్ని కలవాలని ఉంది. కార్యాలయం ఎక్కడో సందేశం పంపగలరు.

చీమకుర్తి తల్లి, 2025 జూన్ 16

లాయరు గారూ, అబ్బాయి నాన్నకు చెప్పాను. కేకలు వేస్తారనుకున్నాను, కానీ ఏమీ అనకుండా చొక్కా తొడుక్కుని బ్యాంకుకు బయలుదేరారు. ఫిర్యాదు నంబరు, స్టేషను పేరు రాసి ఇచ్చారు. ఆంక్ష 43,000 మీద ఉందట, స్కాలర్‌షిప్ 18,000 దానిలో కలవలేదు. మా వాడు సంభాషణలు తుడిచివేయలేదు. కార్డు ఇచ్చిన రోజు ఆ కుర్రవాడు పంపిన గొంతు సందేశం కూడా ఉంది. నోటీసు గడువు 24వ తేదీ. గురువారం ముగ్గురం నెల్లూరు వస్తాము, మీకు ఏ వేళ వీలవుతుందో చెప్పండి.

నెల్లూరు న్యాయవాది, 2025 జూన్ 16

ఉదయం 9 గంటలకు రండమ్మా, కోర్టుకు వెళ్లేలోపు జవాబు రాసేద్దాం. ఫోను ఛార్జింగ్ పెట్టుకుని, పాస్‌బుక్కు, స్కాలర్‌షిప్ మంజూరు పత్రం తీసుకుని రండి.